ఓదార్చే మాట, నిజం చెప్పే మాట



ఈ వారం ఒక ఇంగ్లీషు మాట చరిత్ర వ్రాస్తున్నాము. వాక్య ధ్యానం మధ్యలో ఇంగ్లీషు పాఠమెందుకని పెద్దలు అనుకోవచ్చు. మన రఘునాథపల్లి పిల్లలు కూడా ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఫోనులో రెండు బైబిళ్లు తెరిచి పెట్టుకుంటున్నారు. తెలుగులో ‘ఆదరణ’ అని ఉంది, ఇంగ్లీషులో ‘కంఫర్ట్’ అని ఉంది, బడి పుస్తకంలో ‘సూద్’ అని ఉంది, మూడూ ఒకటేనా అని అడుగుతున్నారు. మూడూ ఒకటి కావు. వాటి మధ్య ఉన్న తేడా చావు జరిగిన ఇంట్లో మనము ఏమి మాట్లాడతామో దానికి సంబంధించింది గనుక కొంచెం ఓపికగా చదవండి.

సూద్ అనే క్రియకు ఈనాటి అర్థం అందరికీ తెలిసినదే. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడం, మంటపుట్టే పుండును చల్లబరచడం, కోపంగా ఉన్నవానిని సముదాయించడం. ఒంటికి రాసుకొనే లేపనాల డబ్బాల మీద, గొంతునొప్పి బిళ్లల అట్టల మీద ఆ మాట కనబడుతుంది. మెత్తని మాట. అయితే వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషువారు దీనిని ఈ అర్థంలో వాడలేదు. వారి పాత భాషలో దీనికి అర్థం ‘నిజమని నిర్ధారించు’, ‘రుజువు చేయు’. ఒకడు ఒక సంగతి చెబితే, అవును అది నిజమే అని సాక్ష్యం పలికి నిలబెట్టడం.

అది ‘సూత్’ అనే నామవాచకం నుండి పుట్టింది. సూత్ అంటే సత్యం. ఇది ఏదో పోలికగా చెప్పే మాట కాదు. భాషా చరిత్రకారులు ఈ సూత్ అనే మాటను, సంస్కృతంలోని ‘సత్’, ‘సత్యం’ అనే మాటలను ఒకే వేరుకు చెందినవిగా గుర్తించారు. ‘ఉండుట’ అనే అర్థమున్న పాత ధాతువు ఆ వేరు. ఉన్నది ఉన్నట్లు చెప్పేదే సత్యం. అంటే బడిలో పిల్లవాడు సూద్ అని పలికినప్పుడు, వానికి తెలియకుండానే సత్యం అనే మన మాటకు దూరపు చుట్టాన్ని పలుకుతున్నాడు.

మరి ‘నిజమని చెప్పు’ అనే మాట ‘నెమ్మదిపరచు’ ఎట్లా అయింది? మధ్యలో ఒక మజిలీ ఉంది. అది మంచి మజిలీ కాదు. పదహారో శతాబ్దం నాటికి ఈ మాట ‘ఎదుటివాడు చెప్పినదానికల్లా అవునవును అనుట’ అనే అర్థానికి దిగింది. దొర ఏమన్నా ‘చిత్తం’ అనడం, ధనవంతుడు ఏ తప్పు చేసినా ‘మీరు చేసింది ధర్మమే’ అనడం. షేక్స్పియర్ నాటకాలలో ఈ మాట వచ్చినప్పుడు దాని అర్థం చాలా చోట్ల ముఖస్తుతే. గొప్పవాని ముందు తల ఊపేవానిని తిట్టడానికి ఆయన పాత్రలు దీనిని వాడతాయి. ఆ తరువాత, పదిహేడో శతాబ్దం చివరికి, ఈనాటి అర్థం స్థిరపడింది. ఎట్లాగంటే, మనిషికి నచ్చిన మాటే చెబుతూ ఉంటే వాడు చల్లబడతాడు. ఆ చల్లబడడమే చివరకు మాటకు అర్థమై కూర్చుంది. సత్యంతో బయలుదేరి, ముఖస్తుతి మీదుగా నడిచి, నెమ్మది దగ్గరికి చేరింది. ఎందరో బోధకులు నడిచిన దారి కూడా ఇదే అని మాకు అనిపిస్తుంది.

సూత్ అనే మాట ఇప్పుడు ఇంగ్లీషులో ఒంటరిగా దాదాపు వినబడదు. ‘సూత్‌సేయర్’ అనే మాటలో మిగిలి ఉంది. విడదీస్తే ‘సత్యం చెప్పేవాడు’. కాని వాడుకలో దాని అర్థం శకునాలు చెప్పేవాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణంలో యజమానులకు లాభం సంపాదించిపెట్టిన ఆ చిన్నదాని గురించి పాత ఇంగ్లీషు బైబిలు ఈ మాటే వాడింది. మన తెలుగు బైబిలు అక్కడ ‘సోదె’ అని వాడింది. సూత్, సోదె అని చెవికి ఒక్కలాగే వినబడినా, ఈ రెండింటికీ చుట్టరికం కట్టడానికి ఆధారమేమీ లేదు, శబ్దం కలిసిందంతే. అయినా ఒక సంగతి గమనించండి. ఆ చిన్నది పౌలు గురించి చెప్పింది అబద్ధం కాదు. ఆమె నోట నిజమే వచ్చింది. డబ్బు సంపాదించే యజమానుల చేతిలో ఆ నిజం కూడా సరుకైపోయింది.

ఈ మాట చరిత్రలో అన్నింటికంటె భయంకరమైన ఘట్టం ఒక సీసాలో జరిగింది. 1849 నుండి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మిసెస్ విన్‌స్లో పేరుతో ఒక ‘సూదింగ్ సిరప్’ అమ్మడం మొదలుపెట్టారు. పండ్లు వచ్చేటప్పుడు ఏడ్చే పసిపిల్లలకు చెంచాతో తాగిస్తే ఏడుపు ఆగుతుందని ప్రకటనలు. తల్లి ఒడిలో బిడ్డ ఉన్న అందమైన బొమ్మలు వేసి పంచారు. ఏడుపు నిజంగానే ఆగేది. ఎందుకంటే ఆ సీసాలో ఉన్నది మార్ఫిను, అంటే నల్లమందు నుండి తీసిన మందు. చాలా మంది బిడ్డలు నిద్రపోయి మళ్లీ లేవలేదు. తల్లులకు ఆ సంగతి తెలియదు, సీసా మీద వ్రాసి లేదు గనుక. 1906లో అమెరికా ప్రభుత్వం ఆహారము, మందుల చట్టం తెచ్చి, ఇటువంటి మత్తు పదార్థాలు మందులో ఉంటే పైన చీటీ మీద వ్రాసి తీరాలని నిర్బంధించింది. 1911లో ఆ దేశపు వైద్య సంఘం ఈ సిరప్పును పసిపిల్లలను చంపే మందుల వరుసలో చేర్చి పుస్తకంగా అచ్చువేసింది. అయినా అది మరి కొన్నేళ్లు అమ్ముడుపోతూనే ఉంది.

దూరదేశపు కథ అని తీసివేయకండి. మన దేశంలోనూ కూలికి పోయే తల్లులు చంటిపిల్లలకు ఆవగింజంత నల్లమందు పెట్టి పడుకోబెట్టి పోయేవారు. ఆ తల్లులను మేము నిందించము. పనికి పోకపోతే ఆ పూట గంజి లేదు. కాని బిడ్డకు ఆకలి అయితే కావలసింది పాలు. ఏడుపు ఆగింది గదా అని ఆకలి తీరినట్లు కాదు. ఈనాడు పిల్లల నోట్లో పెట్టే రబ్బరు పీకను కొన్ని ఇంగ్లీషు దేశాలలో ‘సూదర్’ అంటారు. అందులో పాలు రావు.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాము. యిర్మీయా 6వ అధ్యాయంలో ప్రవక్త తన కాలపు యాజకుల మీద మోపిన నేరం ఇదే. ప్రజల గాయాన్ని పైపైన బాగుచేసి, సమాధానం లేని చోట సమాధానం అన్నారు. యెషయా 30వ అధ్యాయంలోనైతే ప్రజలే అడిగి తెప్పించుకున్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పవద్దు, మెత్తని మాటలు చెప్పండి అని దర్శకులను కోరారు. వినేవాడు కోరుతాడు, చెప్పేవాడు ఇస్తాడు. ముఖస్తుతి అంటే ఇద్దరు కలిసి చేసే పని.

యోబు స్నేహితుల సంగతి వేరు. వాళ్లు ముఖస్తుతి చేయలేదు, పైగా కఠినంగా మాట్లాడారు. కాని వాళ్లు చెప్పిందీ నిజం కాదు. నీ మీదికి ఈ కష్టం వచ్చిందంటే నీలో పాపముండి ఉంటుందని లెక్క కట్టారు. చివరి అధ్యాయంలో దేవుడు వారి మీద కోపించింది తన గురించి యుక్తమైనది పలకలేదనే. మొదటి ఏడు దినములు వారు యోబుతో కూడా నేలమీద కూర్చొని ఒక్క మాటైనా పలకలేదు. ఆ ఏడు దినములే వారు చేసిన ఆదరణ. నోరు తెరిచిన తరువాత అది పోయింది.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో సూద్ అనే క్రియ లేదు. అప్పటికి ఆ మాటకు ముఖస్తుతి వాసన అంటుకొని ఉంది, అనువాదకులు దానిని ముట్టుకోలేదు. దుఃఖంలో ఉన్నవారి విషయంలో వారు ఎక్కువగా వాడింది కంఫర్ట్. ఈ మాటను ఈనాడు మనము సోఫాలకు, పరుపులకు, ఏసీ బస్సులకు వాడుతున్నాము. దాని పుట్టుక అట్లాంటిది కాదు. లాటిన్ భాషలో ‘ఫోర్టిస్’ అంటే బలమైన. కంఫర్ట్ అంటే బలపరచు, గట్టి చేయు. మనకు వరంగల్ వెళ్తే ‘ఫోర్ట్’ అనే స్థలముంది, కాకతీయుల రాతి కోట. ఆ ఫోర్టూ, ఈ కంఫర్ట్‌లోని ఫోర్టూ ఒకే మాట.

విక్లిఫ్ పేరుతో 1380ల కాలంలో వెలువడిన ఇంగ్లీషు బైబిలును చూస్తే ఇది మరింత తేటగా కనబడుతుంది. ఫిలిప్పీ 4వ అధ్యాయంలో పౌలు తనను ‘బలపరచు’ వానిని గురించి చెప్పిన చోట, ఆ అనువాదం కంఫర్ట్ అనే క్రియనే వాడింది. యెషయా 41వ అధ్యాయంలో విగ్రహం కదలకుండా మేకులు కొట్టి బిగిస్తారే, అక్కడ కూడా అదే మాట వచ్చింది. అంటే ఆ కాలంలో మేకు కొట్టి బిగించడం కూడా కంఫర్టే.

ఇంకో విచిత్రం. ఫ్రాన్సు దేశంలో బయూ అనే ఊరిలో సుమారు 70 మీటర్ల పొడవున్న కుట్టుపని గుడ్డ ఒకటి భద్రపరచి ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన యుద్ధం కథ దాని మీద బొమ్మలుగా కుట్టి ఉంది. ఒక చోట ఓడో అనే బిషప్పు గుర్రమెక్కి చేతిలో దుడ్డుకర్ర పట్టుకొని, వెనుకంజ వేసే పడుచు సైనికుల మధ్య ఉన్నాడు. పైన లాటిన్‌లో కుట్టిన క్రియ ఇదే, కంఫర్ట్‌కు మూలమైనది. బిషప్పుగారు కర్ర పట్టుకొని కుర్రవాళ్లను ‘ఆదరిస్తున్నారు’ అని ఆ గుడ్డ మీదకు చూపించి ఇంగ్లీషువారు నవ్వుకుంటారు. యుద్ధానికి కర్ర పట్టిన బిషప్పును మేము మెచ్చుకోము. కాని 23వ కీర్తన తెలిసినవారు ఊరికే నవ్వి వదిలిపెట్టలేరు. దావీదును ఆదరించినవి దుడ్డుకర్ర, దండము. మెత్తని దుప్పటి కాదు. మన గొల్ల కురుమ సహోదరులను అడగండి, కాపరి చేతిలో కర్ర ఉంటే గొర్రెకు ఎందుకు ధైర్యమో వాళ్లు చెబుతారు. తోడేలు వచ్చినప్పుడు లేస్తుంది ఆ కర్ర. దారి తప్పితే మెడ మీద ఆనేదీ అదే కర్ర.

మన తెలుగు అనువాదకులు ఈ చిక్కును ఎట్లా దాటారో చూడవలసిందే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకొన్నారు. వారికి ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యే నాటికి వారిద్దరూ లేరు. ఆ తరువాత హే, వార్డ్‌లా వంటివారు, వారి పక్కన పేర్లు అచ్చుకాని ఎందరో తెలుగు పండితులు పందొమ్మిదో శతాబ్దమంతా ఈ పనిలో ఉన్నారు. మన చేతికి వచ్చిన తెలుగు బైబిలులో ఆదరణ, ఓదార్పు, ఊరట, నెమ్మది, నిమ్మళము, సముదాయించుట అనే మాటలన్నీ చోటునుబట్టి వాడబడ్డాయి. 131వ కీర్తనలో పాలు విడిచిన పిల్ల ఉన్న చోట ‘నిమ్మళపరచుకొను’ అనే మాట పడింది. మన దగ్గర ఇప్పటికీ ‘నిమ్మలంగున్నరా’ అని పలకరిస్తారు. తీరప్రాంతంలో మొదలైన బైబిలులో మన తెలంగాణ పలకరింపు వినబడితే మాకు సంతోషమే.

అన్నింటికంటె మాకు విలువైనది వేరొకటి. గ్రీకు భాషలో ‘పరాక్లేసిస్’ అనే మాట ఉంది. పక్కకు పిలుచుట, పక్కన నిలిచి చెప్పుట అని దాని భావం. 2 కొరింథీ మొదటి అధ్యాయంలో ఈ మాట పదే పదే వస్తే మనవాళ్లు ‘ఆదరణ’ అన్నారు. పరిశుద్ధాత్మను యోహాను 14వ అధ్యాయంలో ‘ఆదరణకర్త’ అన్నదీ ఆ కుటుంబంలోని మాటనే. కాని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో బర్నబా పేరుకు అర్థం చెప్పవలసిన చోట, అదే పరాక్లేసిస్‌ను ‘హెచ్చరిక’ అన్నారు. హెచ్చరిక పుత్రుడు! కింగ్ జేమ్స్ బైబిలు అక్కడ ఓదార్పు అనే అర్థమున్న మాట వాడింది. మన చెవికి హెచ్చరిక అంటే పోలీసు హెచ్చరిక, వాన హెచ్చరిక. అందుకని చాలామంది ఇది తప్పుడు అనువాదమేమో అనుకుంటారు. తప్పు కాదు. ఆదరించేవాడు హెచ్చరిస్తాడు, హెచ్చరించేవాడు ఆదరిస్తాడు, మూలంలో రెండింటికీ మాట ఒకటే. ఇంగ్లీషులో సూద్ అనే మాట పోగొట్టుకున్న సత్యం మన తెలుగు బైబిలులో ఆ రెండు అనువాదాల మధ్య నిలిచి ఉంది.

ఆ హెచ్చరిక పుత్రుడు ఆ అధ్యాయంలో ఒక్క మాట కూడా మాట్లాడడు. తన భూమి అమ్మి, ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. అంతే వ్రాసి ఉంది.

ఓదార్పు అనే మాటకు ఈ మధ్య మనకళ్ల ముందే జరిగినదొకటి చెప్పి ముందుకు పోతాము. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డిగారు చనిపోయిన తరువాత ‘ఓదార్పు యాత్ర’ అనే పేరు పత్రికలలో మారుమ్రోగింది. 2010 మే 28న ఆ యాత్ర మన ఉమ్మడి వరంగల్ జిల్లాకు రావలసి ఉండగా, తెలంగాణ ఉద్యమపు వేడిలో మహబూబాబాద్ రైల్వే స్టేషను దగ్గర రాళ్లు పడ్డాయి, తుపాకులు పేలాయి. ఎవరిది న్యాయమో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. చావు ఇంటి గడపలో మెల్లగా పలికే మాట జెండాల మీదికి ఎక్కితే ఎంత బరువు మోయవలసి వస్తుందో ఆ రోజు చూశాము.

బలపరచుటే ఆదరణ అనే పాత అర్థాన్ని మన సంఘ చరిత్రలో వెతికితే ఒంగోలు కనబడుతుంది. అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను నెల్లూరులో మొదలై, ఒంగోలు మీదుగా మన దిక్కు వచ్చింది. 1879లో హనుమకొండలో వారి కేంద్రం ఏర్పడింది. అందుకు ముందే 1876 నుండి 1878 దాకా మద్రాసు రాజధానిని, దక్కనును గొప్ప కరువు పట్టింది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర ఆకలితో వచ్చినవారికి ప్రసంగాలు చెప్పి పంపలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొంత భాగం గుత్తకు తీసుకొని, మాదిగ, మాల పల్లెల నుండి వచ్చినవారికి కూలి పని పెట్టించాడు. పార పట్టి తవ్వినవానికి కూలి. ఆ కూలితో గింజలు. కరువు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మం ఇవ్వడం ఆపివేశాడు. గింజల కోసం పేరు వ్రాయించుకుంటారనే జాగ్రత్త అది. మతం లెక్కలు పెంచుకొనే అవకాశం చేతిలో ఉన్నప్పుడు లెక్క ఆపినవాడు ఆయన. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యనే మన వాళ్లు పండుగల్లో చెబుతారు. ఆపిన ఆ నెలల గురించి చెప్పేవారు తక్కువ. మాకైతే ఆ నెలలే పెద్దవి.

ఇక మన చెలకల దగ్గరికి వస్తాము. 1997–98 సంవత్సరాలలో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దెపురుగు పడింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. కల్తీ మందులు కొన్ని, పురుగుకు అలవాటైపోయిన మందులు కొన్ని. మందుల దుకాణంలోనే అప్పు, వడ్డీ అక్కడే, పత్తి అమ్మవలసిందీ చాలా సార్లు అక్కడే. పురుగు చావని ఆ మందే తాగి రైతులు చనిపోయారు. ఆ ఏడు దేశమంతా వరంగల్ పేరు పత్రికలలో చదివింది. ఆ తరువాత కూడా అది ఆగలేదు. ఈనాటికీ మా మండలాల్లో బోరు ఎండి, పత్తి పోయి, పురుగుల మందు డబ్బా పక్కన దొరికిన ఇళ్లకు మేము పోతూనే ఉన్నాము.

ఆ ఇళ్లలో పలికే మాటలు మీకందరికీ తెలుసు. ‘ఆయన రాత గంతే.’ ‘దేవుని చిత్తం, మనమేం జేస్తం.’ ‘అన్నీ సర్దుకుంటయ్ తియ్యి, పిల్లల మొఖం జూసుకో.’ విశ్వాసుల ఇళ్లలోనైతే, ‘మంచి స్థలానికే పోయిండు’ అని ఒకరు, ‘విశ్వాసం తక్కువయ్యి గట్ల జేసిండు’ అని గుసగుసగా మరొకరు. మొదటిది సిరప్పు. రెండోది యోబు స్నేహితుల లెక్క. ఒక ఆదరణ కూడికలో పాటలు, ప్రార్థన, భోజనం అన్నీ అయ్యాక, ఇద్దరు చిన్న పిల్లలున్న ఒక తల్లి మా దగ్గరికి వచ్చి అన్నమాట ఇది: ‘అయ్యగారూ, అందరొచ్చి ఊకో బిడ్డా ఊకో బిడ్డా అంటున్నరు. అప్పెంతున్నదో ఒక్కలు అడుగుతలేరు.’

మేము సంఘపెద్దలతో అక్కడే చాప మీద కూర్చొని నోటుబుక్కు తీశాము. మందుల దుకాణం ఎంత, చేబదులు ఎంత, మహిళా సంఘంలో ఎంత, బంగారం ఎక్కడ కుదువపెట్టారు, నూటికి ఎంత వడ్డీ అని ఒక్కొక్కటి వ్రాశాము. కొన్నిటికి కాగితముంది, కొన్నిటికి మాటే. ఒక దుకాణం వాడు చెప్పిన మొత్తానికీ, ఆయన జేబులో దొరికిన చీటీలకూ పొంతన లేదు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆ తల్లి ఏడవలేదు. లెక్క సరిచేస్తూ, ‘గది గాదు, ఎరువుల పైసలు మొన్న సంక్రాంతికే కట్టిండు’ అని మమ్మల్నే దిద్దింది.

సూద్ అనే క్రియకు మొదటి అర్థం నిర్ధారించుట అని చెప్పాము గదా. మన దగ్గర ఆ మాటకు ప్రభుత్వం కాగితం కూడా ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జి.ఓ. తెచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సహాయం ప్రకటించింది. అందులో లక్ష కుటుంబానికి, 50 వేలు అప్పుల పరిష్కారానికి. తెలంగాణ వచ్చాక 2015లో దానిని 6 లక్షలకు పెంచారు. ఆ డబ్బు రావాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు కలిసి ఈ చావు వ్యవసాయపు అప్పు వల్లనే జరిగిందని నిర్ధారించాలి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పట్టా పాసుబుక్కు, అప్పు కాగితాలు చూస్తారు. నోటిమాట అప్పుకు ఋజువు ఎక్కడిది? కౌలు రైతుకు పాసుబుక్కు ఎక్కడిది? 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమాలో ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు వస్తాయి, అప్పు నిరూపించవలసిన పని లేదు. కాని అది పట్టా ఉన్నవారికే, 18 నుండి 59 ఏళ్ల లోపు వారికే. కౌలుకు చేసినవాడు అక్కడ కూడా గడప బయటే.

అందుకే నెహెమ్యా గ్రంథం మాకు ఆ ఇళ్లలో ఎక్కువగా తెరవవలసి వస్తుంది. హెబ్రీ భాషలో ‘నహామ్’ అనే ధాతువుకు ఓదార్చు అని అర్థం. నహూము ప్రవక్త పేరు దాని నుండే. కపెర్నహూము అంటే నహూము ఊరు. నెహెమ్యా అంటే యెహోవా ఓదార్చును. ఈ పేరున్న మనిషి యెరూషలేముకు వచ్చి ఎవరినీ ఓదార్చినట్లు మొదట కనబడడు. మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. పడిపోయిన గోడలు ఎక్కడెక్కడ పడిపోయాయో, కాలిన గుమ్మాలు ఎన్నో చూసుకుంటూ తిరిగాడు. ఒక చోట తాను ఎక్కిన జంతువు పోవడానికి కూడా సందు లేకపోయింది. అంతా చూసి వచ్చాక ప్రజలతో మొదట చెప్పింది వారి దురవస్థ గురించే. కట్టుదాం రండి అన్నది తరువాతి మాట. 5వ అధ్యాయంలో పొలాలు, ద్రాక్షతోటలు, పిల్లలను కూడా కుదువపెట్టిన బీదవారి మొర విని, వడ్డీ తీసుకొన్న ప్రధానులను సభలో నిలబెట్టి అడిగాడు. పొలాలు తిరిగి ఇప్పించాడు. గోడ 52 దినములలో పూర్తయింది.

ఆ తల్లి ఇంట్లో వ్రాసిన లెక్కకు మేము రెండు నకళ్లు తీశాము. ఒకటి ఆమె పెట్టెలో ఉంది. ఆమె భర్త దున్నింది కౌలు భూమి. యజమాని సంతకం పెట్టడానికి ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు పెద్దలము ఆయన ఇంటికి పోతున్నాము. ప్రార్థించండి.